ఫిల్మ్‌నగర్ వెలుగులు, ఇంధన ఘటము

ఇంధనాన్ని గాలితో కలిపి నిప్పు తగిలిస్తే మంట వస్తుందని వంటింట్లో తిరిగే పసిబిడ్డకు కూడా తెలుసు. ఆ మంటతో నీటిని మరిగించి, ఆవిరితో చక్రాన్ని త్రిప్పి, ఆ చక్రంతో విద్యుత్తును పుట్టించడం నూరేండ్లకు పైగా లోకం నడుస్తున్న బాట. మన నగరంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో, నిజాం కాలంలో వెలసిన థర్మల్ విద్యుత్ కేంద్రం ఆ పనినే చేసినది. ఆ కేంద్రం నేడు లేదు. బాట మాత్రం మారలేదు. వీధిలో మ్రోగే డీజిల్ జనరేటరులో ఆవిరి లేదు గాని మంట ఉన్నది, తిరిగే ఇరుసు ఉన్నది. మంటను మధ్యవర్తిగా పెట్టుకొన్నంత కాలం ఇంధనంలోని శక్తిలో పెద్ద భాగం వేడిగా జారిపోక తప్పదని ఫ్రెంచి ఇంజనీరు కార్నో 1824లోనే తేల్చి చెప్పినాడు.

అట్లయితే ఇంధనాన్ని, గాలిని ఒకే గొట్టంలో కలిపి పంపి, మంట రాజుకోనీయకుండా, ఆ మిశ్రమం నుండి సరాసరి విద్యుత్తును తీయవచ్చునా? వినడానికి ఇది సంతలో గారడీవాని మాట వలె ఉన్నది. కాని ప్రయోగశాలలలో నిలిచిన సత్యమిది. దీనిని గురించి విజ్ఞానశాస్త్ర విద్యార్థులమైన మేము ఈ సంచికలో వ్రాయబూనుటకు కారణం వింత చెప్పవలెనన్న ఉబలాటం కాదు. కళాశాల కమిటీ పెద్దల ముందు ఇప్పుడున్న దానికంటె పెద్ద డీజిల్ జనరేటరు కొనవలెనన్న ప్రతిపాదన ఒకటి ఉన్నది. దానిపై మా అభిప్రాయం మాకు ఉన్నది. దానిని ఆధారాలతో చెప్పడం మర్యాద అని తలచినాము.

మన కళాశాల నుండి గుట్ట వైపు చూస్తే ఫిల్మ్‌నగర్ కనబడుతుంది. ఒకప్పుడు బండరాళ్లు, సీతాఫలపు పొదలు తప్ప మరేమీ లేని గుట్టలివి. తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసులో ఉన్న రోజులలో హైదరాబాదుకు చెప్పుకోదగినది అమీర్‌పేటలోని సారథీ స్టూడియో. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు రాళ్లను పిండి చేసి అన్నపూర్ణా స్టూడియోను తెరచిన తరువాత గుట్టల జాతకం మారినది. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చినవి. వాటి వెనుక ల్యాబులు, డబ్బింగు థియేటర్లు, ఎడిటింగు గదులు, వాటి వెనుక వడ్రంగులు, లైట్‌మెన్, డ్రైవర్లు, మేకప్ సహాయకులు, వారి బస్తీలు వచ్చినవి. మన సహాధ్యాయులలో ఎందరి తండ్రులో, అన్నలో ఆ పనులలో ఉన్నారు. తెర మీద ఒక పాటకు వెన్నెల కురిసినదంటే, ఆ వెన్నెల వెనుక ఒక జనరేటర్ వ్యాను రాత్రంతా మ్రోగినదని, దాని ప్రక్కనే ఒక మనిషి కునికిపాట్లు పడుతూ కూర్చున్నాడని వారి పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.

జనరేటర్ వ్యాను కేవలం కరెంటు కోతల బిడ్డ అని అనుకొనేవారు ఉన్నారు. అది సగం నిజమే. 2012, 2013 సంవత్సరాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో పరిశ్రమలకు విద్యుత్తు సెలవులు ప్రకటించిన దుర్దినాలను మన అన్నలు చూచినారు. 2014 తరువాత నగరంలో కోతలు చాలావరకు తగ్గినవి. జనరేటర్ వ్యాన్లు మాత్రం తగ్గలేదు. ఎందుకనగా, షూటింగు ఈ రోజు గోల్కొండ గోడ క్రింద, రేపు శివారు గ్రామంలో, మరునాడు ఒక అద్దె బంగళాలో. నాలుగు గంటలపాటు పదుల కిలోవాట్లు కావలెను, ఆపైన ఏమీ అక్కరలేదు. తీగ వేసి ఇచ్చే కరెంటుకు ఈ సంచారం గిట్టదు. ఎల్‌ఇడి దీపాలు వచ్చి భారం కొంత తగ్గించినవన్నది నిజం. అయినను రాత్రివేళ ఒక వీధి మొత్తాన్ని వెలిగించవలసి వచ్చినప్పుడు పెద్ద దీపాలు ఇంకను బయటకు వస్తున్నవి, వాటితో డీజిలు పొగ కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగం 2012 జూన్‌లో డీజిలు పొగను మనుష్యులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి తరగతిలో చేర్చినది. ఆ పొగను పీల్చేవాడు తెర మీద కనిపించడు.

ఇక విషయానికి వస్తాము. ఇంధన ఘటం అన్న మాటను తెలుగు మీడియం మిత్రులు పాఠ్యపుస్తకాలలో చూచియే ఉంటారు. ఘటం అనగానే కచేరీలో వాయించే కుండ గుర్తుకు వచ్చేవారు కూడా మా తరగతిలో ఉన్నారు. వారిని తప్పు పట్టలేము, ఇది కూడా మట్టితో చేసి కాల్చిన వస్తువే మరి. బ్యాటరీలో రసాయనాలు లోపలనే ఉండి కొంతకాలానికి తీరిపోతవి. ఇంధన ఘటంలో ఇంధనం ఒకవైపు నుండి, గాలి మరొకవైపు నుండి వస్తూనే ఉంటవి. అవి వచ్చినంత కాలం కరెంటు వస్తూనే ఉంటుంది. 1839 ప్రాంతంలో విలియం గ్రోవ్ అనే వెల్ష్ న్యాయవాది ఉదజనిని, ప్రాణవాయువును వేరువేరు గొట్టాలలో ఉంచి, ఆమ్లంలో ప్లాటినం రేకులు ముంచి దీనిని చూపినాడు.

గ్రోవ్ వాడినది ద్రవం. ద్రవానికి బదులుగా ఘనపదార్థాన్ని వాడితే అది ఘనఆక్సైడు ఇంధన ఘటం. ఇందులోని కథ మన సినిమా గుట్టలకు చాలా దగ్గరది. జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు వాల్తర్ నెర్న్‌స్ట్ పందొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలలో జిర్కోనియం ఆక్సైడులో కొద్దిగా ఇట్రియం ఆక్సైడు కలిపి సన్నని కడ్డీ చేసినాడు. చల్లగా ఉన్నప్పుడు అది పింగాణీ వలె కరెంటును పోనీయదు. మొదట వేడి చేస్తే పోనిస్తుంది. ఆపై తన వేడికి తానే తెల్లగా వెలుగుతుంది. అది నెర్న్‌స్ట్ దీపమై 1900 నాటి పారిస్ ప్రదర్శనలో జనాన్ని ఆకర్షించినది. టంగ్‌స్టన్ తీగ దీపం వచ్చి దానిని మూలకు నెట్టివేసినది. దాదాపు నాలుగు దశాబ్దాలు గడచిన పిదప, 1937లో, స్విట్జర్లాండులో బౌర్, ప్రైస్ అనే ఇరువురు ఆ దీపపు పదార్థాన్నే తీసికొని, సుమారు 1,000 డిగ్రీల వేడిలో దాని నుండి కరెంటును రాబట్టినారు. దీపంగా పనికిరాకుండా పోయిన వస్తువు దీపాలను వెలిగించే వస్తువుగా తిరిగి వచ్చినదన్న మాట.

అది పనిచేయు విధానం ఇది. వేడెక్కిన ఆ పింగాణీ బిళ్లలో ప్రాణవాయువు అయానులు ఒక ఖాళీ స్థానం నుండి మరొక ఖాళీ స్థానానికి దుముకుతూ పోగలవు, ఎలక్ట్రానులు పోలేవు. బిళ్లకు ఒకవైపు గాలి, మరొకవైపు ఇంధనం. గాలి వైపున ప్రాణవాయువు ఎలక్ట్రానులను పుచ్చుకొని అయానుగా మారి బిళ్లలో ప్రవేశిస్తుంది. ఇంధనం వైపున ఆ అయాను ఇంధనంతో కలిసి నీరు, బొగ్గుపులుసు వాయువులుగా మారి, తెచ్చిన ఎలక్ట్రానులను విడిచిపెడుతుంది. అవి లోపలి నుండి వెనుకకు పోలేవు కనుక బయటి తీగ గుండా పోవలెను. ఆ పోవడమే కరెంటు. ఇంధనం కాలినట్లే లెక్క, కాని జ్వాల లేదు. ఈ రెండు అరల ఘటాలు ఇంధనంలోని శక్తిలో 50 నుండి 60 శాతం వరకు విద్యుత్తుగా ఇవ్వగలవు. చిన్న డీజిల్ జనరేటరు 35 శాతం ఇస్తే గొప్ప.

ఇంత మంచి యంత్రం వీధివీధిన ఎందుకు లేదు? కారణాలలో ఖరీదు ఒకటి. అతుకు మరొకటి. ఇంధనం గాలి అరలోనికి, గాలి ఇంధనం అరలోనికి చొరబడకుండా 700, 800 డిగ్రీల వేడిలో నిలిచే గాజు, పింగాణీ అతుకులు వేయవలెను. వేడి చేసినప్పుడు ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క లెక్కన వ్యాకోచిస్తుంది. చల్లారినప్పుడు అదే రీతిగా సంకోచిస్తుంది. నాలుగుసార్లు వేడెక్కి చల్లారితే ఎక్కడో ఒకచోట పగులు. పగలు రేయి ఆగకుండా నడిచే కర్మాగారంలో ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చును. పొద్దున వెలిగించి, భోజన విరామానికి ఆపి, మళ్లీ వెలిగించి, ప్యాకప్ చెప్పగానే ఆర్పివేసే షూటింగు బండికి ఇది ప్రాణాంతకం.

ఇక్కడనే మిశ్రమ వాయు ఘటం ప్రవేశిస్తుంది. అతుకులతో ఈ తంటా పడుట కంటె అరలనే తీసివేస్తే? ఇంధనం, గాలి రెండింటినీ కలిపి ఒకే అరలోనికి వదలి, రెండు ఎలక్ట్రోడులను అదే వాయువులో ఉంచితే? మొదట వినగానే మాలో కొందరికి నవ్వు వచ్చినది. రెండు వైపుల ఒకే వాయువు ఉంటే వోల్టేజి ఎక్కడి నుండి వస్తుంది? వచ్చేది వాయువుల తేడా వలన కాదు, ఎలక్ట్రోడుల రుచుల తేడా వలన. ఒకే దస్తర్‌ఖాన్ ముందు ఇద్దరు కూర్చున్నారనుకొనండి. ఒకాయన మాంసం తప్ప ముట్టడు, మరొకాయన రొట్టె తప్ప ముట్టడు. ఎదుట ఉన్న వంటకాలు ఇద్దరికీ ఒకటే, కాని ఎవరి పళ్లెం వారిదే. నికెలుతో చేసిన ఎలక్ట్రోడు ఇంధనాన్ని చేరదీసి, చుట్టూ ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువుతో దానిని సగం కాల్చి ఉదజనిగా, కార్బన్ మోనాక్సైడుగా మార్చుతుంది. అందువలన తన పరిసరంలో ప్రాణవాయువు దాదాపు మిగలదు. రెండవ ఎలక్ట్రోడు ఇంధనం జోలికి పోకుండా ప్రాణవాయువును మాత్రమే గ్రహిస్తుంది. ఈ విధంగా ఒకే గదిలో ఒక మూల ప్రాణవాయువుకు కరువు, మరొక మూల సమృద్ధి ఏర్పడినవి. ఆ తేడాయే అయానులను బిళ్ల గుండా నడిపిస్తుంది.

మిశ్రమ వాయువులో ఘటమన్న ఆలోచన 1960ల నుండి శాస్త్రజ్ఞుల నోట ఉన్నదే. దానికి ప్రాణం పోసినవారు జపానుకు చెందిన హిబినో, ఆయన సహచరులు. 2000 సంవత్సరంలో వారు జిర్కోనియాకు బదులు సమేరియం కలిపిన సీరియం ఆక్సైడును వాడి, ఈథేను, గాలుల మిశ్రమంలో సుమారు 900 మిల్లీవోల్టులు రాబట్టినారు. 500 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద చదరపు సెంటీమీటరుకు 403 మిల్లీవాట్లు, 350 డిగ్రీల వద్ద 101 మిల్లీవాట్లు లభించినవి. 1,000 డిగ్రీల నుండి 500 డిగ్రీలకు దిగడం చిన్న సంగతి కాదు. 2005లో కాలిఫోర్నియాలోని కాల్టెక్ సంస్థలో సోసినా హైలీ, షావో, వారి సహచరులు ప్రొపేను, గాలి కలిపి, బయటి కొలిమి సహాయం లేకుండా తన వేడితో తానే నిలిచే చిన్న ఘటాల జంటను చేసినారు. ఒకటిన్నర చదరపు సెంటీమీటరుకు లోపు వైశాల్యంతో ఒక వోల్టు వద్ద సుమారు 350 మిల్లీవాట్లు. సోసినా హైలీ ఇథియోపియాలో జన్మించి, అక్కడి రాజకీయ కల్లోలంలో కుటుంబంతో దేశం విడిచిన వనిత. పదార్థ విజ్ఞానం మనకెక్కడ అబ్బుతుందని నిట్టూర్చే మా సోదరీమణుల కొరకు ఈ సంగతిని ఇక్కడ చేర్చినాము.

ఇంతవరకు చదివిన మిత్రులు మేము ఫిల్మ్‌నగర్ జనరేటర్లన్నిటినీ తీసివేసి మిశ్రమ వాయు ఘటాలు పెట్టుమని చెప్పబోతున్నామని ఊహించి ఉంటారు. మేము అట్లు చెప్పబోము. లెక్క వేసి చూచినాము, లెక్క అందుకు ఒప్పలేదు.

పది కిలోవాట్ల దీపం ఒకటి వెలిగించవలెననుకొందాము. హిబినో గారి అత్యుత్తమ ఫలితాన్నే తీసికొంటే, చదరపు సెంటీమీటరుకు 0.4 వాట్ల చొప్పున 25,000 చదరపు సెంటీమీటర్ల బిళ్లలు కావలెను. అనగా రెండున్నర చదరపు మీటర్లు, ఒక పెద్ద తలుపు కంటె కొంచెం ఎక్కువ. ఇది భయపడవలసిన సంఖ్య కాదు. పలకలను పేర్చి ఒక పెట్టెలో అమర్చవచ్చును. అసలు చిక్కు ఇంధనం దగ్గర ఉన్నది. మిశ్రమంలో వచ్చిన ఇంధనంలో అధిక భాగం ఎలక్ట్రోడును తాకకుండానే బయటకు పోతుంది. తాకినదానిలో కొంత, ముట్టరాని ఎలక్ట్రోడు మీద వృథాగా కాలిపోతుంది. దస్తర్‌ఖాన్ దగ్గరి పెద్దమనిషి నియమం తప్పి రొట్టెతో పాటు మాంసం కూడా లాగించినట్లు. అందుచేత ఇప్పటి వరకు జరిగిన అనేక ప్రయోగాలలో ఇంధన శక్తిలో విద్యుత్తుగా మారినది ఒక అంకె శాతమే. ఉదారంగా 5 శాతం అనుకొన్నను, పది కిలోవాట్లకు 200 కిలోవాట్ల ఇంధనం పోయవలెను. వంటగ్యాసు కిలోకు ఇంచుమించు 12.8 కిలోవాట్ గంటల శక్తి ఉన్నది. అంటే గంటకు 15 కిలోలకు పైగా గ్యాసు! ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండరు ఒక్క దీపానికి గంట కూడా చాలదు. అదే దీపానికి డీజిల్ జనరేటరు త్రాగేది గంటకు సుమారు 3 లీటర్లు. ఏ నిర్మాత ఒప్పుకొంటాడు?

ప్రమాదం సంగతి వేరు. ఇంధనం, గాలి కలిసిన మిశ్రమం అంటే ఏమిటో తెలుగువారికి వేరుగా చెప్పనవసరం లేదు. 2014 జూన్ 27న, అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో సహజవాయువు గొట్టం నుండి కారిన వాయువు గాలిలో కలిసి అంటుకొని ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. గాలిలో మీథేను 5 నుండి 15 శాతం మధ్య ఉన్నప్పుడు మిశ్రమం ప్రేలగలదు. పరిశోధకులు ఈ హద్దుకు పైనే, అనగా ఇంధనం మరింత ఎక్కువగా ఉండేటట్లు మిశ్రమాన్ని ఉంచుతారు. హిబినో వాడిన ఈథేను 18 శాతం, అది ఈథేను పై హద్దుకు ఎగువనే. అయితే వేడి పెరిగే కొలది ప్రేలుడు హద్దులు వెడల్పు అవుతవి. చల్లని గొట్టంలో క్షేమంగా ఉన్న మిశ్రమం వేడి గొట్టంలో క్షేమంగా ఉంటుందన్న హామీ లేదు. వాయువు తెరచినప్పుడు, మూసినప్పుడు మిశ్రమం ఆ హద్దుల మధ్య నుండి ఒక్క క్షణమైనా దాటక తప్పదు. జనసమ్మర్దం గల షూటింగులో, వెదురు తడికెలు, గుడ్డ తెరలు, థర్మకోల్ గోడల నడుమ ఇటువంటి పెట్టెను నిలిపే సాహసం మేము సిఫారసు చేయము.

అట్లయితే దీని చోటెక్కడ? మా దృష్టిలో రెండు చోట్లు ఉన్నవి. ఒకటి, కొద్ది వాట్లు మాత్రమే కావలసిన చిన్న పరికరాలు. అక్కడ ఇంధనం వృథా అయినను భరించవచ్చును, బరువు తగ్గడం ముఖ్యం. రెండవది మాకు మరింత ఆసక్తి కలిగించినది. ఇంజను పొగగొట్టం నుండి బయటపడే వాయువు కూడా ఒక మిశ్రమమే కదా! అందులో కాలని ఇంధనపు శేషం ఉన్నది, ప్రాణవాయువు ఉన్నది, కొలిమి అక్కరలేనంత వేడి ఉన్నది. హిబినో బృందం 2008 ప్రాంతంలో మోటారుసైకిలు ఇంజను పొగ మార్గంలో ఇటువంటి ఘటాల పేర్పును అమర్చి విద్యుత్తును తీసి చూపినది. పారవేసే దానిలో నుండి పిండుకొన్నది ఎంత తక్కువైనను లాభమే. అక్కడ 5 శాతం అన్న నింద వర్తించదు. మరి డీజిల్ జనరేటరు పొగకు ఇది పనికి వచ్చునా? పెట్రోలు ఇంజనుతో పోలిస్తే డీజిల్ ఇంజను గాలిని ఎక్కువగా, ఇంధనాన్ని తక్కువగా వాడుతుంది. కనుక దాని పొగలో ప్రాణవాయువు పుష్కలం, కాలని ఇంధనం స్వల్పం. నికెలు ఎలక్ట్రోడుకు ఇది గిట్టని వాతావరణం; నికెలు తుప్పు పట్టి ఆక్సైడుగా మారిపోతుంది. డీజిలులోని గంధకం, పొగలోని మసి అదనపు శత్రువులు. నేడు ఉన్న స్థితిలో పనికి రాదనియే మా అంచనా. పనికి వచ్చే ఎలక్ట్రోడును కనుగొనడం పరిశోధన చేయదగిన ప్రశ్న, మన గుట్ట మీద రాత్రింబవళ్లు లేచే పొగకు నేరుగా సంబంధించిన ప్రశ్న.

ఇది హైదరాబాదుకు పరాయి విద్య కూడా కాదు. మౌలాలీ వద్ద 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో జిర్కాన్ ఇసుక నుండి జిర్కోనియం తీసి అణు విద్యుత్ కేంద్రాలకు గొట్టాలు చేస్తున్నారు. బాలాపూర్‌లో చూర్ణ లోహశాస్త్ర పరిశోధనకు జాతీయ స్థాయి కేంద్రం ఉన్నది. ఆ కేంద్రమే చెన్నైలో ఇంధన ఘటాల కొరకు ఒక శాఖను నడుపుతున్నది, అయితే అక్కడివి పొర రకం ఘటాలు, పింగాణీవి కావు. ఘనఆక్సైడు ఘటాల పేర్పులను కలకత్తాలోని కేంద్రీయ గాజు, పింగాణీ పరిశోధనా సంస్థలో రూపొందించినారు. శ్రీకాకుళం మొదలు మన తూర్పు తీరపు ఇసుకలో జిర్కాన్ ఉన్నది, సీరియం, సమేరియం మొదలగు అరుదైన లోహాలకు పుట్టిల్లయిన మోనజైటు ఉన్నది. నెర్న్‌స్ట్ దీపానికి, హిబినో ఘటానికి కావలసిన దినుసులు తెలుగువారి కాళ్ల క్రింద ఉన్నవి. వాటిపై పనిచేసే విద్యార్థులలో మన కళాశాల వంటి కళాశాలల నుండి వచ్చినవారు ఎందరన్నది కమిటీ పెద్దలు ఆలోచించవలసిన సంగతి.

ఇప్పుడు మా మనవి. మన కళాశాల జనరేటరు ప్రస్తుతం ఉర్దూ మీడియం మొదటి సంవత్సరం గది కిటికీ క్రింద ఉన్నది. కరెంటు పోయినప్పుడల్లా ఆ గదివారు కిటికీలు మూసి పాఠం వినవలెను, లేదా తెరచి పొగ పీల్చవలెను. ప్రతిపాదించిన పెద్ద జనరేటరు వార్షికోత్సవం నాడు సభామందిరంలోని దీపాలన్నిటినీ ఒక్కసారి వెలిగించుటకు తప్ప తక్కిన దినాలలో అక్కరకు రాదు. పరీక్షల వేళ పోయే కరెంటు అరగంటకో, గంటకో తిరిగి వస్తున్నది. ఆ అరగంటకు బ్యాటరీ ఇన్వర్టరు చాలును. పైకప్పు మీద సూర్యఫలకాలు వేస్తే ఆ బ్యాటరీ నిండుతుంది. ఒక్క రోజు సభకు జనరేటరు వ్యానును అద్దెకు తెచ్చుకొనవచ్చును, ఫిల్మ్‌నగర్ ప్రక్కన ఉండి వ్యానుకు వెదుకులాడవలసిన పని లేదు. పాత జనరేటరును ఆ కిటికీ క్రింది నుండి వెనుక ప్రహరీ దగ్గరికి మార్చవలెను. పెద్ద జనరేటరుకు అనుకొన్న సొమ్ములో మిగిలిన దానిలో కొంత భాగాన్ని పింగాణీ ప్రయోగాలకు కేటాయించవలెను. మేము కోరునది ఇంతే.

మన పేద కళాశాలకు ఇంత పెద్ద విద్య ఎందుకని అడుగుతారని మాకు తెలుసు. అందుకే రెండు అరల ఘటాన్ని గాక ఈ ఒక అర ఘటాన్ని ఎంచుకొన్నాము. దీనికి వాయువు చొరని అతుకులు అక్కరలేదు. బిళ్ల నూటికి నూరుపాళ్లు గట్టిగా, రంధ్రం లేకుండా ఉండవలసిన నియమం కూడా లేదు. చూర్ణాన్ని అదిమే అచ్చు, కొలిమి, వోల్టులు కొలిచే మీటరు, ఓపిక ఉంటే మొదలు పెట్టవచ్చును. మన మఫుల్ కొలిమి 1,000 డిగ్రీలు మించదు. సీరియం ఆక్సైడు బిళ్లను 1,400 డిగ్రీల ప్రాంతంలో కాల్చవలెను. ఆ పని కొరకు నగరంలోని పరిశోధనా సంస్థలకు కళాశాల తరఫున ఉత్తరం వ్రాయవలెను. మొదటి సంవత్సరం వాయువు మాటే వద్దు. చల్లని బిళ్ల కరెంటును పోనీయకపోవడం, వేడెక్కిన బిళ్ల పోనీయడం, ఏ వేడి వద్ద ఎంత అన్నది కొలిచి పట్టిక వ్రాస్తే చాలును. నెర్న్‌స్ట్ చూచిన వింతను మన పిల్లలు తమ కండ్లతో చూస్తారు. ఇంధనం, గాలి కలిపే ప్రయోగం అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, వారి ప్రయోగశాలలోనే జరగవలెను. ఈ విషయంలో మాలోని ఉత్సాహవంతుల కంటె మా అధ్యాపకుల జాగ్రత్తనే మేము బలపరుస్తున్నాము.

భాష అడ్డం వస్తుందన్న మాట కూడా విన్నాము. 1917లో ఈ నగరంలో దారుల్ తర్జుమా స్థాపించి, భౌతిక, రసాయన శాస్త్రాలను ఉర్దూలోనికి తెచ్చి, మరుసటి సంవత్సరం ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పినారు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి డిగ్రీ స్థాయి పుస్తకాలను తెలుగులో వేసినది. బర్ఖ్ అన్నను, విద్యుత్తు అన్నను మీటరు ముల్లు ఒకే వైపు తిరుగుతుంది. ఈ వ్యాసం కొరకు మేము నలుగురం కూర్చున్నప్పుడు ఇద్దరు ఉర్దూలో లెక్క వేసినారు, ఇద్దరు తెలుగులో వేసినారు. సిలిండరు గంట కూడా చాలదన్న ఫలితం రెండు భాషలలోను ఒకటే వచ్చినది. ప్రయోగాల దస్తావేజు రెండు లిపులలో ఉంచవలెనని, ఎడమ పుట తెలుగు, కుడి పుట ఉర్దూ అని మాలో మేము అప్పుడే తీర్మానించుకొన్నాము.

కొలిమికి స్థలం కూడా చూచినాము. రసాయన ప్రయోగశాలలో ఉత్తరపు గోడ వద్ద, పాత స్వేదన జల పరికరం తీసివేసిన చోటు ఖాళీగా ఉన్నది. అక్కడ నీటి కుళాయి దగ్గరలో లేదు, కిటికీ మాత్రం ఉన్నది, విద్యుత్తు ప్లగ్గు పదిహేను ఆంపియర్లది. కమిటీ సమావేశానికి ముందు పెద్దలు ఎవరైనా వచ్చి చూడదలిస్తే బుధవారం మధ్యాహ్నం ప్రయోగ తరగతి వేళ మేమందరం అక్కడనే ఉంటాము.